గేదె రక్తపరీక్ష ఫలితం ఎవరికి చెప్పాలి?

నేను పనిచేసే విభాగానికి పశువైద్య ప్రజారోగ్యం, వ్యాధివ్యాప్తి శాస్త్ర విభాగమని పేరు. ఈ పేరు పూర్తిగా వినే ఓపిక లేని బంధువులు సగంలోనే ఆపి "అంటే గేదెల డాక్టరే కదా" అని తేల్చేస్తారు, నేనూ కాదనను. నిజానికి నేను గేదెకు మందు రాసి చాలా ఏళ్ళయింది. పశువుల నుంచి మనుషులకు సంక్రమించే జబ్బులు ఏ ఊళ్ళో ఏ మేరకు ఉన్నాయి, ఏ దారిన వస్తున్నాయి, ఆ దారిని ఎక్కడ మూయవచ్చు అన్నవి తెలుసుకోవడం, తెలుసుకున్నదాన్ని పశువైద్య విద్యార్థులకు పాఠంగా చెప్పడం నా ఉద్యోగం. కళాశాల డెల్టాకు కాస్త ఎడంగా ఉన్నా, నా పరిశోధన మాత్రం గోదావరి పాయల మధ్యనే, కోనసీమ లంకల్లోనూ తణుకు, పాలకొల్లు చుట్టుపక్కల కాలువగట్ల ఊళ్ళలోనూ సాగుతోంది. ఈ ఉద్యోగంలో కష్టమేమిటని అడిగేవారు నేను సూక్ష్మజీవుల ప్రమాదం గురించో, నిధుల కొరత గురించో చెబుతానని ఎదురుచూస్తారు. అవీ ఉన్నాయి. కానీ నన్ను అన్నిటికంటే ఎక్కువగా వేధించే సమస్య వేరు. పరీక్ష ఫలితం చేతికి వచ్చాక దాన్ని ఎవరికి చెప్పాలి, విన్నవారు దానితో ఏం చేయగలరు అన్నదే ఆ సమస్య.

డెల్టాలో గేదెల రక్తనమూనాలు తీయాలంటే పాలు పితికే వేళ దాటాక, గేదెలు కాలువలోకి దిగకముందు మకాం చేరుకోవాలి. తెల్లవారుజామున పితికిన పాలు కేంద్రానికి వెళ్ళిపోతే ఇంటివాళ్ళకు కాస్త తీరిక దొరుకుతుంది. ఎండ ముదిరిందా, గేదె నీళ్ళలో ఉంటుంది, అక్కడి నుంచి దాన్ని లేపడం నా వల్లా కాదు, యజమాని వల్లా కాదు. మెడ సిర నుంచి మేము తీసే రక్తం కొద్ది మిల్లీలీటర్లే అయినా "రక్తం తీస్తే పాలు తగ్గిపోతాయండి" అన్న అభ్యంతరం ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తుంది. అంత రక్తం పోతే పాలు తగ్గవు కానీ, ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయవద్దని విద్యార్థులకు చెబుతాను, ఎందుకంటే సూదికీ కొత్త మనుషులకూ బెదిరిన గేదె ఆ సాయంత్రం నిజంగానే పాలు చేపకపోవచ్చు. పూట పాలు పోయినందుకు రైతుకు మేము ఇచ్చేదేమీ లేదు. అందుకే ఊరి పశుసంవర్ధక సహాయకుణ్ణో, ఊళ్ళో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రనో వెంటబెట్టుకుని వెళతాం. చెవిపోగు మీది 12 అంకెలు మాకు పశువు గుర్తింపు మాత్రమే చెబుతాయి, అది ఎన్నో ఈతలో ఉంది, ఎక్కడి సంతలో కొన్నది, కిందటిసారి చూడి నిలవక ఎందుకు పొర్లింది అన్నవి అతనికి నోటికి వచ్చు.

నేను ఎక్కువగా వెతికేది బ్రూసెల్లా అనే బ్యాక్టీరియాను. రైతులు దీన్ని ఈసుకుపోయే జబ్బుగా ఎరుగుదురు. పది నెలలు మోయవలసిన గేదె ఆరేడు నెలల చూడితో దూడను వేసేస్తుంది, చాలాసార్లు మాయ పడదు, ఆ తర్వాత చూడి కట్టడమే కష్టమవుతుంది. అలా పడిన పిండంలోనూ, మాయలోనూ, ఆ ద్రవాలలోనూ ఉన్నన్ని సూక్ష్మజీవులు పాలలో కూడా ఉండవు. మన ఇళ్ళలో పాలు కాచకుండా తాగే అలవాటు దాదాపు లేదు కాబట్టి పట్నంలో కాఫీ తాగేవారికి దీనివల్ల భయం తక్కువ. భయమంతా మాయను ఒట్టి చేతులతో లాగినవారికి, పిండాన్ని గంపలో ఎత్తి కాలువగట్టున పారేసినవారికి, ఆ పాకను ఊడ్చిన ఇల్లాలికి, పిలవగానే పరుగెత్తుకొచ్చిన పశువైద్య సిబ్బందికి. మనిషికి సోకితే వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, రాత్రిళ్ళు చెమటలు, నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు, మగవారిలో కొందరికి వృషణాల వాపు వస్తాయి. చికిత్స ఉంది, కానీ డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ వంటి రెండు మందులను కలిపి కనీసం 6 వారాలు వాడాలి. జ్వరం తగ్గిందని రెండో వారంలోనే మానేసినవారికి అది తిరగబెడుతుంది.

తొలి పరీక్ష చాలా సులువు. పలక మీద ఒక చుక్క సీరం (రక్తం గడ్డకట్టాక తేలే ద్రవం), దాని పక్కన గులాబీ రంగు యాంటిజన్ (చంపిన బ్రూసెల్లాతో చేసిన ద్రావణం) చుక్క వేసి, రెండూ కలిపి మెల్లగా ఊపుతూ ఉంటే 4 నిమిషాల లోపల ఆ మిశ్రమం పలుకులు కడుతుంది లేదా కట్టదు. కట్టిన నమూనాను ఎలైసా అనే మరో రక్తపరీక్షతో మళ్ళీ పరీక్షిస్తాం, ఎందుకంటే యెర్సీనియా వంటి వేరే బ్యాక్టీరియా సోకిన పశువులోనూ, టీకా వేసిన పెయ్యలోనూ ఇదే ప్రతిచర్య కనిపించవచ్చు. ఎం.వి.ఎస్సీ.లో, అంటే పశువైద్య పీజీలో, చేరిన విద్యార్థికి ఈ పరీక్షను ఒక పూటలో నేర్పవచ్చు. జబ్బును ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలను రక్తంలో వెతకడం వేరు, బ్యాక్టీరియాను ప్రాణంతో పెంచడం వేరు. ప్రయోగశాల సిబ్బందికి అంటుకునే జబ్బులలో బ్రూసెల్లా ముందు వరుసలో ఉంటుంది కాబట్టి, తగిన భద్రత లేనిచోట ఆ రెండో పని జోలికి వెళ్ళనివ్వను.

ఇంతకీ ఫలితం వచ్చింది, రెండు గేదెలున్న ఇంట్లో ఒక గేదెకు పాజిటివ్ అని తేలింది. ఆ మాట చెప్పగానే రైతు అడిగే ప్రశ్న ఒక్కటే: "మరైతే దీన్నేం చెయ్యమంటారండీ, డాక్టరుగారూ?" పాశ్చాత్య దేశాల పాఠ్యపుస్తకంలో దీనికి జవాబు ఉంది, పాజిటివ్ వచ్చిన పశువును వధించి, రైతుకు పరిహారం చెల్లిస్తారు. కోనసీమలో మంచి ముర్రా జాతి పోలిక ఉన్న గేదె లక్ష రూపాయల దాకా పలుకుతుంది, అది ఆ కుటుంబానికి నెలసరి ఆదాయం, అవసరానికి తాకట్టు, పిల్ల పెళ్ళికి ధీమా. దాన్ని వదులుకోమని చెప్పే అధికారం నాకు లేదు, వదులుకుంటే చేతిలో పెట్టడానికి డబ్బూ లేదు. మందులు వాడదామంటే ఈ బ్యాక్టీరియా కణాల లోపల దాక్కుంటుంది, పశువులో దానికి యాంటీబయాటిక్ చికిత్స చేయవద్దనే శాస్త్రం చెబుతుంది. వేరే కట్టండి అంటే, ఉన్నది ఒకే పాక, దాని పక్కనే గడ్డిమేటు, ఆ పక్కన కొబ్బరిచెట్టు, ఆ తర్వాత పొరుగువారి దడి. ఈనే వేళకు మాత్రమైనా దూరంగా కట్టండి, ఆ రోజులే అసలు ప్రమాదం అని బతిమాలుతాను. సగంమంది ఒప్పుకుంటారు. మిగిలినవారు ఆ గేదెను సంతకు తోలేస్తారు. సంతలో కొన్నవారికి మా పరీక్ష సంగతి తెలియదు. అలా పాజిటివ్ గేదె ఒక ఊరి నుంచి మరో ఊరికి చేరుతుంది. పరీక్ష చేయకపోయి ఉంటే అది కనీసం ఆ ఇంట్లోనే ఉండేది.

దీనిని తలచుకున్నప్పుడు నాకు మాల్టా ద్వీపం చరిత్రను మామూలుగా చెప్పే తీరు మీద కొంత అసంతృప్తి కలుగుతుంది. 1887లో అక్కడి బ్రిటిష్ సైన్యంలో వైద్యుడైన డేవిడ్ బ్రూస్, జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహంలో కనిపించిన ఈ సూక్ష్మజీవిని లోకానికి ప్రకటించాడు. అది సైనికులకు ఎక్కడి నుంచి వస్తోందో అప్పట్లో తేలలేదు. 1905లో మాల్టాకే చెందిన వైద్యుడు థెమిస్టోక్లిస్ జామిట్, చూడటానికి నిక్షేపంగా ఉన్న మేకలలో దాని జాడ పట్టుకున్నాడు. మరుసటి ఏడాది సైనికులకు మేకపాలు ఆపేశారు, దండులో జ్వరాలు అమాంతం తగ్గిపోయాయి. పాఠం ఇక్కడితో ముగించి విజయగాథగా చెప్పడం ఆనవాయితీ. కానీ మేకల మీద బతికే మాల్టా జనంలో ఆ జ్వరం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు కొనసాగింది. సైనికుడికి మేక లేదు, కాబట్టి ఆ ఫలితం అతనికి లాభమే తప్ప నష్టం తేలేదు. మేకలు కాచుకునేవాడికి అదే ఫలితం కూడు తీసేసే వార్త. నా విద్యార్థులు పరీక్షలో బ్రూస్ పేరూ, జామిట్ పేరూ రాస్తారు, ఈ తేడా రాసినవారికి నేను రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

కోళ్ళ విషయంలో ఫలితం నడిచే దారి పూర్తిగా వేరు. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులోనూ, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ ఫారాలలో కోళ్ళు పెద్దఎత్తున చనిపోగా, భోపాల్‌లోని జాతీయ అత్యున్నత భద్రతా పశువ్యాధుల సంస్థ వాటి నమూనాలలో హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ ఉందని నిర్ధారించింది. ఆ మాట వెలువడగానే ఎవరు ఏం చేయాలో ముందే రాసిపెట్టి ఉంది. చుట్టూ కిలోమీటరు మేర వ్యాధి ప్రాంతం, 10 కిలోమీటర్ల మేర నిఘా ప్రాంతం, రాకపోకల కట్టడి, కోళ్ళను చంపి సున్నం వేసి పూడ్చడం, చంపిన కోడికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి ఇచ్చే పరిహారం. ఆ పరిహారం చాలదని రైతులు అంటారు, చాలదన్నది నిజమే, ముందే చచ్చిన కోడికి అది అందదు కూడా. అయినా ఫలితానికీ చర్యకూ మధ్య ఒక దారి అంటూ ఉంది, ఈసుకుపోయిన గేదెకు అలాంటి దారి నేను ఏ ఊళ్ళోనూ చూడలేదు.

ఆ రోజుల్లో నా పని ప్రయోగశాల నుంచి ఫోనుకు మారింది. చికెన్ తినవచ్చా, గుడ్డు తినవచ్చా, ఇంటి కోడిపుంజును ఏం చేయాలి, గోడ మీద వాలిన కాకిని చూసి భయపడాలా అని పొద్దున లేచింది మొదలు ప్రశ్నలే. 70 డిగ్రీల వేడికి ఈ వైరస్ నశిస్తుందనీ, మన ఇళ్ళలో కూర ఉడికే వేడి అంతకంటే ఎక్కువనీ, పచ్చిమాంసం ముట్టుకున్న చేతులు కడుక్కోవడం, పచ్చి ముక్క పిల్లల నోటికి చేరకుండా చూడటం ముఖ్యమనీ చెబుతూ వచ్చాను. మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక చిన్నారి ఈ వైరస్ సోకి మరణించిన తర్వాత ఆ రెండో మాటకు బరువు పెరిగింది. సంక్రాంతి పందేలకు ఊళ్ళు దాటి తిరిగిన పుంజులదే తప్పని కొందరు, కొల్లేరుకు వచ్చే వలస పక్షులదే తప్పని కొందరు వాదించారు. కోతలయ్యాక పరిగె గింజల కోసం చేలల్లో తిరిగే బాతుల మందలను మాత్రం ఎవరూ తలచుకోలేదు. బాతు ఈ వైరస్‌ను మోస్తూ కూడా ఆరోగ్యంగా కనిపించగలదు కాబట్టి నిఘా నమూనాలు తీసేటప్పుడు నేను మొదట అడిగేది మంద ఏ చేలో దిగిందనే.

ఫలితం వెంటనే పనికివచ్చే జబ్బు మరొకటి రేబిస్. దీనిలో మాకు వచ్చే ఫోన్లు చాలావరకు కుక్క కరిచినవారివి కావు, గేదె పాలు తాగినవారివి. పిచ్చికుక్క కరిచిన గేదెకు కొన్ని వారాలకో నెలలకో చొంగ కారడం, అదేపనిగా అరవడం, మేత మింగలేకపోవడం మొదలవుతుంది. గొంతులో తాటిటెంకో కొబ్బరిముక్కో అడ్డుపడిందని అనుకుని ఎవరో ఒకరు నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతారు. గేదె చనిపోయాక సంగతి బయటపడుతుంది, అప్పటికి ఆ పాలు వీధి మొత్తానికి చేరి ఉంటాయి, గృహప్రవేశంలో పాలు పొంగించినవారు సైతం ఆసుపత్రి ముందు వరుస కడతారు. కాచిన పాలవల్ల రేబిస్ రాదు. నోట్లో చెయ్యి పెట్టినవారికి మాత్రం టీకా తప్పనిసరి, చేతికి గాట్లు ఉండి చొంగ తగిలితే సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు, ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. విచిత్రమేమిటంటే వరుసలో నిలబడేది పాలు తాగినవారు, ఇంట్లో ఉండిపోయేది చెయ్యి పెట్టిన పాలేరు. ఆయనను వెతికి పట్టుకుని పంపించడమే ఆ రోజు మా విభాగం చేయవలసిన ప్రజారోగ్యం. బొడ్డు చుట్టూ పొడిచే ఇంజెక్షన్ల భయం పెద్దవాళ్ళలో ఇంకా పోలేదు. గొర్రె మెదడు నుంచి చేసే ఆ పాత టీకాను మన దేశంలో 2004 చివరికే ఆపేశారనీ, ఇప్పుడు వేసేవి భుజానికి వేసే నాలుగైదు సూదులేననీ, కరిచిన వెంటనే సబ్బునీళ్ళతో 15 నిమిషాలు కడగడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని అనీ ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. ఏటా జూలై 6న జునోసిస్ (పశువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు మా విద్యార్థులు ఊళ్ళలో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. 1885లో అదే తేదీన పాశ్చర్ ఒక బాలుడికి తొలి రేబిస్ టీకా ఇప్పించాడు. డెల్టాలో ఆ తేదీకి ఊడ్పులు మొదలై ఉంటాయి, కుక్కను పట్టుకునే మనిషి చేలో ఉంటాడు. శిబిరాన్ని తెల్లవారుజామునే పెట్టుకుంటే తప్ప కుక్కలు రావు.

బ్రూసెల్లాకు తిరిగి వస్తే, రైతు తర్వాత ఆ ఫలితం తెలియవలసిన మనిషి ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడు. అతనికి అది చేరదు. నేను ప్రచురించే వ్యాసంలో ఊరి పేరు ఉండదు, మండలం పేరు కూడా ఉండదు, "కోస్తా ఆంధ్రలోని ఒక జిల్లా" అని మాత్రమే ఉంటుంది. ఊరి పేరు బయటికి వస్తే పాలకేంద్రం ఆ ఊరి పాలు తీసుకోవడానికి వెనకాడుతుంది, పిల్లనిచ్చేవారు కూడా ఆలోచిస్తారని ఒక పెద్దాయన నాతో నవ్వుతూనే అన్నారు. కాబట్టి పేర్లు దాచడం న్యాయమే, నమూనా తీసేముందు మేము రైతుకు ఇచ్చే మాట కూడా అదే. కానీ దాచిన ఆ వివరమే జ్వరంతో వచ్చిన రోగి ముందు కూర్చున్న వైద్యుడికి కావలసింది. రోగి రెండు వారాలుగా జ్వరమని వస్తాడు, మలేరియా పరీక్షలో ఏమీ ఉండదు, టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్షలో ఏదో ఒక అంకె వస్తుంది, టైఫాయిడ్ అని మందు రాస్తారు, కొంత తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. వైద్యుడిని తప్పుపట్టడం లేదు. ఎదురుగా డెంగీ అనుమానితులు పదిమంది వరుసలో ఉండగా, గేదె ఈసుకుపోయిందా అని అడగాలన్న ఆలోచన రావాలంటే ఆ ఊళ్ళో గేదెలు ఈసుకుపోతున్నాయని అతనికి ఎవరో చెప్పి ఉండాలి. పశుసంవర్ధక శాఖ లెక్కలు ఒక దారిన, వైద్య ఆరోగ్య శాఖ లెక్కలు మరో దారిన పైకి వెళతాయి. రెండూ గోదావరి పాయల్లాగా ఒకే చోట పుట్టి సముద్రం దాకా కలవకుండా పోతాయి.

ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, ఈ విషయాన్ని మరోవైపు నుంచి చూపిస్తుంది. ఈ సూక్ష్మజీవి ఎలుక మూత్రపిండాలలో కాపురముండి, మూత్రంతో చేలోని నీళ్ళలోకి వచ్చి, నానిన పాదాల పగుళ్ళలోంచి మనిషిలోకి వెళుతుంది. పశువులూ దాన్ని మోస్తాయి. వరిచేలూ, పందికొక్కులూ, మోకాళ్ళదాకా బురదా ఉన్న డెల్టాకు ఇంతకంటే తగిన జబ్బు లేదు. పంటనష్టం కోసం మార్టేరు వరి పరిశోధనా స్థానంలో ఎలుకల నియంత్రణ మీద ఏళ్ళుగా పని జరుగుతోంది, ఎలుకల బుట్టలు పెట్టేవారు ఊరూరా ఉన్నారు. బుట్టలో పడిన ఎలుకను ఒట్టి చేత్తో తీసే ఆ మనిషి రక్తాన్ని పరీక్షించడం మాత్రం ఎవరి పనీ కాదు, లేదా నావంటివారి పని. ఈ జబ్బును నిర్ధారించే ప్రామాణిక పరీక్షకు బతికున్న లెప్టోస్పైరాలు కావాలి. వాటిలోని రకరకాల సీరోవార్‌లను, అంటే ఉపరకాలను, గొట్టాలలో పెంచుతూ, వారం పదిరోజులకొకసారి కొత్త మాధ్యమంలోకి మార్చుతూ ఉండాలి. దసరాకైనా సంక్రాంతికైనా వాటికి సెలవు లేదు. పండక్కి ఇంటికి వెళ్ళలేని పీహెచ్‌డీ విద్యార్థిని చీకటి గదిలో సూక్ష్మదర్శిని కింద అవి మెలికలు తిరుగుతున్నాయో లేదో చూసుకుంటూ కూర్చుంటుంది. అంతా చేసి ఫలితం ఇచ్చేసరికి రోగి కోలుకోనైనా కోలుకుంటాడు, లేదా కాకినాడకో విశాఖకో వెళ్ళిపోయి ఉంటాడు. కాబట్టి ఈ జబ్బులో నేను వైద్యులకు చెప్పేది ఒకటే, ఫలితం కోసం ఆగవద్దు, ఊడ్పులప్పుడో వరద తీశాకో చేలో దిగిన మనిషికి పిక్కల నొప్పితో జ్వరం వస్తే, కళ్ళు ఎర్రబడితే మందు మొదలుపెట్టండి, మేము లెక్క తర్వాత చూసుకుంటాం.

ఉద్యోగోన్నతి లెక్కలో ఈ మాటలకు మార్కులు లేవు. వ్యాసాలకు ఉన్నాయి, ఆ వ్యాసం అచ్చయిన పత్రికకు ఎంత రేటింగ్ ఉందో దాన్నిబట్టి ఉన్నాయి. మూడేళ్ళ ప్రాజెక్టులో మొదటి ఏడాది కిట్ల కొనుగోలు ఫైళ్ళకే పోతుంది, మూడో ఏడాది నివేదికకు పోతుంది, మధ్యలో మిగిలిన ఏడాదిలో గోదావరికి వరద వస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం వద్ద 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాటి వరద ప్రవహించినప్పుడు లంకల గేదెలన్నీ ఏటిగట్ల మీదికి చేరాయి. ఎవరి గేదె ఎవరి పక్కన కట్టి ఉందో, ఏ చూడి గేదె ఎక్కడ ఈనిందో చెప్పలేని పరిస్థితి. ఊరూరుగా విడదీసి నేను గీసుకున్న నమూనా ప్రణాళిక ఆ గట్టు మీద చెల్లకుండా పోయింది, వేరుగా కట్టమన్న సలహా కూడా చెల్లలేదు. గొంతువాపు టీకాలు, పచ్చిమేత, తాగడానికి శుభ్రమైన నీళ్ళు అందించడమే అప్పటికి ముఖ్యమైన పని, బ్రూసెల్లా వెనక్కి జరిగింది.

ఈ మధ్య నేనూ, నా విద్యార్థులూ కొన్ని ఆరోగ్య కేంద్రాల వైద్యులతో ఒక చిన్న ఏర్పాటు చేసుకున్నాం. రెండు వారాలు దాటిన జ్వరంతో వచ్చినవారిని ఇంట్లో పశువులు ఉన్నాయా, ఈ ఏడాదిలో ఏదైనా ఈసుకుపోయిందా అని అడుగుతారు. అవునన్నవారి సీరం, వారి అనుమతితో, మాకు వస్తుంది. మా వైపు నుంచి రైతులు ఒప్పుకున్నచోట ఊరి పేరు ఆ వైద్యుడికి మాత్రం, కాగితం మీద కాకుండా, మాటగా చెబుతాం. ఇది కొంచెం మొరటు పద్ధతి అని నాకు తెలుసు, ఆరోగ్య కేంద్రం కంప్యూటరులో ఈ ప్రశ్నకు గడి లేదు, వైద్యుడు బదిలీ అయితే మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. కానీ దీనివల్ల నేను ఊహించని మార్పు ఒకటి వచ్చింది. గేదెకు పాజిటివ్ అంటే సంతదారి పట్టే ఇల్లు, ఇల్లాలి జ్వరానికి కారణం ఆ పాకలోనే ఉందని ఆసుపత్రిలో తెలిస్తే వేరే రకంగా వింటుంది. చేతికి తొడుక్కోవడానికి ఏముందని అడుగుతుంది. తొడుగులు లేకపోతే రెండు ప్లాస్టిక్ సంచులైనా చేతులకు కట్టుకోమని చెబుతాం. పిండాన్నీ మాయనూ లోతుగా పూడ్చమని పుస్తకం చెబుతుంది, కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు పడతాయి. కాబట్టి కొబ్బరితోటలో మెరకచోటు చూసి, కాలువకూ బోరుకూ దూరంగా, సున్నం వేసి, కుక్కలు తవ్వకుండా పైన ముళ్ళకంప వేయమంటాం.

పెద్ద గేదెలకు చేయగలిగింది ఇంతే. పెయ్యలకు మాత్రం టీకా ఉంది. ఎస్19 అనే ఆ టీకాను 4 నుంచి 8 నెలల మధ్య వయసున్న ఆడదూడలకు ఒక్కసారి వేస్తే చాలు, 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ పథకం కింద అది ఉచితం. బతికున్న సూక్ష్మజీవి గల టీకా కాబట్టి వేసేవారికి సూది గుచ్చుకుంటే వారికే జబ్బు రావచ్చు, అందుకని మా ఇంటర్న్‌లకు ముందు ఆ జాగ్రత్తలు నేర్పి పంపిస్తాం. వయసు దాటిన దూడకు ఇది వేయకూడదు, విడత తప్పితే ఆ దూడ జీవితాంతం టీకా లేకుండానే ఉంటుంది. దాళ్వా (రెండో పంట) కోతలు మొదలయ్యేలోగా ఏ ఇంట్లో ఏ పెయ్య ఆ వయసులో ఉందో ఊరి సహాయకులతో కలిసి జాబితా రాస్తున్నాం, ఆసుపత్రి నుంచి పేరు వచ్చిన ఇళ్ళను ముందు రాశాం.